బాణం సున్నా చూపిస్తున్నా డబ్బా దొరకట్లేదా? జియోకాషింగ్‌కి ఫోన్, గార్మిన్, ప్రయాణాల గురించి

మీరు అడిగినవి ఇవి. డాలస్‌లో ఉంటూ ఎనిమిదేళ్ల పాప, పదకొండేళ్ల బాబుతో ఈమధ్యే జియోకాషింగ్, అంటే ఎవరో దాచిన డబ్బాను (దాన్నే కాష్ అంటారు) జీపీఎస్‌తో వెతికి లోపలి లాగ్ కాగితంలో పేరు రాసే ఆట, మొదలుపెట్టారు. యాప్‌లో దూరం సున్నా అని వచ్చినా సగం సార్లు డబ్బా కనబడటం లేదు, గార్మిన్ లాంటి చేతి జీపీఎస్ పరికరం కొంటే దొరుకుతుందా? వేసవిలో సియాటెల్, డిసెంబర్‌లో హైదరాబాద్ వెళ్తున్నారు, ఏమేం సర్దుకోవాలి? హైదరాబాద్‌లో అత్తగారింటి దగ్గర మీరే ఒక కాష్ పెట్టవచ్చా?

మొదటిదానికి సూటిగా చెప్తాను: ఇప్పుడే గార్మిన్ కొనకండి. ఏ పరికరమైనా మిమ్మల్ని ఓ పది మీటర్ల వలయం వరకే తీసుకెళ్తుంది. అక్కడి నుంచి వెతకాల్సింది కళ్లతోనే. కొత్తవాళ్లకు దొరకకపోవడానికి కారణం చాలావరకు ఆ వలయంలో వెతికే తీరు, లేదంటే కోఆర్డినేట్లను తప్పుగా ఎక్కించుకోవడం.

సున్నా అంటే ఏమిటో ముందు చూద్దాం. డబ్బా పెట్టినవారు తమ జీపీఎస్ చూపిన అంకెలను పేజీలో రాశారు. ఆ అంకెల్లోనే నాలుగైదు మీటర్ల తేడా ఉండవచ్చు. మీ ఫోన్‌లో ఇంకో నాలుగైదు. ఈ రెండు తప్పులూ విడివిడివి కాబట్టి నేరుగా కూడవు గానీ, ఐదూ ఐదూ కలిస్తే ఏడు మీటర్ల దాకా వస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ‘ఖచ్చితత్వం 5 మీటర్లు’ అని కనిపించే అంకెకు అర్థం, మీరు ఆ వలయంలో ఉండే అవకాశం 68 శాతం అని. అంటే మూడింట ఒకసారి మీరు దాని బయటే ఉంటారు. అందుకే పది మీటర్ల వ్యాసార్ధంలో వెతకాలి. అది 314 చదరపు మీటర్లు, ఒక ఇంటి స్థలం కంటే ఎక్కువే. సున్నా వచ్చిన చోటే నిలబడి ఒకే రాయిని పదిసార్లు తిరగేస్తే లాభం లేదు.

సరిగ్గా చేసే పద్ధతి ఇది. ఇంకా 30 మీటర్లు ఉందనగా ఆగండి. ఫోన్‌ను అరచేతిలో సమంగా పట్టుకుని అర నిమిషం కదలకుండా ఉంటే అంకెలు కుదురుకుంటాయి. బాణం చూపే దిక్కులో దూరంగా ఏదో ఒక గుర్తు, చెట్టో స్తంభమో ఎంచుకుని, ఫోన్ చూడకుండా దానివైపు తిన్నగా నడవండి. ఆ గీతను మనసులో పెట్టుకోండి. తర్వాత పక్కకు వెళ్లి, మొదటి దిక్కుకు దాదాపు లంబంగా ఉండే చోటు నుంచి ఇంకోసారి అదే పని చేయండి. రెండు గీతలు కలిసే చోటు, బాణం వెంట గిరగిరా తిరిగితే వచ్చే చోటు కంటే ఎప్పుడూ నమ్మకమైనదే. ఐదు మీటర్ల లోపలికి వచ్చాక బాణం పిచ్చిగా తిరగడం సహజం. స్థానం రెండు మీటర్లు ఊగితే దిక్కు పూర్తిగా తలకిందులవుతుంది. ఆ దశలో ఫోన్ జేబులో పెట్టేయండి.

తర్వాత చుట్టూ చూసి ‘నేనైతే ఎక్కడ దాస్తాను?’ అని పిల్లలనే అడగండి. వాళ్ల కళ్ల ఎత్తు వేరు కాబట్టి బెంచీ అడుగు, కంచె గొట్టం మూత, చెట్టు మొదట్లోని తొర్ర పెద్దవాళ్ల కంటే ముందే చూస్తారు. అడవిలో వరుసగా పేర్చినట్టున్న పుల్లల కుప్ప, నేలకు అతకకుండా ఉన్న రాయి, ఒకే చెట్టుకు రంగు తేడాగా ఉన్న బెరడు ముక్క గమనించండి. అమెరికా పార్కింగ్ లాట్లలోనైతే దీపస్తంభం అడుగున ఉండే రేకు తొడుగు చాలాసార్లు పైకి లేస్తుంది, డబ్బా దాని కిందే ఉంటుంది. టెక్సస్‌లో ఆ రేకు కింద కందిరీగలు గూడు కడతాయి. ముందు కాలితో తట్టి, కాసేపు ఆగి అప్పుడు ఎత్తండి. స్తంభానికి ఉన్న చిన్న మూత మాత్రం తెరవకండి, లోపల కరెంటు తీగలుంటాయి. నిజమైన కరెంటు పెట్టె, స్ప్రింక్లర్, మీటర్ లాంటివాటిని విప్పాల్సిన పని ఏ మంచి కాష్‌లోనూ ఉండదు.

ఇప్పుడు కోఆర్డినేట్లు. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. జియోకాషింగ్‌లో వాడేది డిగ్రీలు, దశాంశ నిమిషాలు. ఉదాహరణకు ఉత్తరం 17° 25.500', తూర్పు 078° 28.500'. మ్యాప్ యాప్‌లు ఎక్కువగా దశాంశ డిగ్రీలు చూపిస్తాయి. నిమిషాలను 60తో భాగించి డిగ్రీలకు కలపాలి: 25.500ని 60తో భాగిస్తే 0.425, అంటే 17.425 డిగ్రీలు. అలా మార్చకుండా 17.25500 అని కొడితే మీరు దక్షిణానికి దాదాపు 19 కిలోమీటర్లు జరిగిపోతారు. ఇది పెద్ద తప్పు కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. తెలియకుండా ముంచేది రెండోది: 25.500ని 25 నిమిషాల 50 సెకన్లుగా చదవడం. నిజానికి అది 25 నిమిషాల 30 సెకన్లు. తేడా 20 సెకన్లు, నేల మీద 617 మీటర్లు. అంతదూరంలోనూ పార్కే ఉంటే, సరైన చోటే ఉన్నామనుకుని గంట సేపు వెతుకుతారు.

చివరి అంకె విలువ కూడా తెలిసి ఉండాలి. అక్షాంశంలో 0.001 నిమిషం ఎక్కడైనా 1.85 మీటర్లే. రేఖాంశంలో ఊరిని బట్టి మారుతుంది: హైదరాబాద్‌లో 1.77, డాలస్‌లో 1.56, సియాటెల్‌లో 1.25 మీటర్లు. మల్టీ కాష్‌లో, అంటే ఒక చోటి ఆధారంతో తర్వాతి చోటు లెక్కగట్టి వెళ్లే కాష్‌లో, ఒక అంకె తప్పు లెక్క కడితే ఎంత దూరం పోతామో ఇలా అంచనా వేసుకోవచ్చు. చివరి అంకె తప్పితే ఫర్వాలేదు, మొదటి దశాంశ స్థానం ఒకటి తప్పితే 185 మీటర్లు పోయినట్టే.

హైదరాబాద్ వెళ్లినప్పుడు ఇంకో చిక్కు. డాలస్‌లో వాడిన యాప్‌లోనో పరికరంలోనో రేఖాంశం పశ్చిమంగానే ఉండిపోతుంది. చేత్తో అంకెలు కొట్టి తూర్పుగా మార్చడం మర్చిపోతే, మీ గమ్యం జమైకాకు నైరుతిలో సముద్రంలో పడుతుంది. దూరం వేల కిలోమీటర్లలో కనిపిస్తే ముందు ఇదే చూడండి. మ్యాప్ డేటమ్, అంటే అంకెలను నేలకు ముడిపెట్టే కొలమాన పద్ధతి, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్84 అనే ఉండాలి. ఎవరైనా ఇచ్చిన పాత సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ మీది అంకెలు నేరుగా వాడకండి, అవి ఎవరెస్ట్ దీర్ఘగోళం అనే పాత భూమి ఆకారపు లెక్క ఆధారంగా వేసినవి, చోటు గణనీయంగా జరుగుతుంది. 2005 మ్యాప్ విధానం తర్వాత వచ్చిన ఓపెన్ సిరీస్ మ్యాపులు డబ్ల్యూజీఎస్84లోనే ఉన్నాయి, వాటితో ఇబ్బంది లేదు.

మల్టీ కాష్‌లలో ‘ఇక్కడి నుంచి 45 డిగ్రీల దిశలో 300 మీటర్లు’ అని ఉంటే, అది అసలు ఉత్తరం నుంచా, దిక్సూచి ఉత్తరం నుంచా అనేది తప్పకుండా తేల్చుకోవాలి. సియాటెల్ ప్రాంతంలో రెండింటికీ తేడా సుమారు 15 డిగ్రీలు తూర్పుకు. 300 మీటర్ల దూరానికి అది 78 మీటర్ల తప్పు. హైదరాబాద్‌లో ఆ తేడా సున్నాకు దగ్గరే, అక్కడ పట్టించుకోనక్కర్లేదు. హైదరాబాద్ అలవాటుతో సియాటెల్‌లో వెతికేవాళ్లకే దెబ్బ తగులుతుంది. పేజీలో ఏమీ చెప్పకపోతే అసలు ఉత్తరమే అనుకోండి, యాప్‌లో ‘ప్రొజెక్షన్’ (దిక్కు, దూరం ఇస్తే చోటు లెక్కగట్టేది) చేస్తే అదే లెక్క వస్తుంది.

ఫోన్ సెట్టింగుల్లో మూడు సరిచూసుకుంటే మీ సమస్య చాలావరకు తీరుతుంది. బ్యాటరీ సేవర్ ఆపేయండి, అది ఉంటే స్థానం ఆగి ఆగి మారుతుంది. ఫోన్ వెనక అయస్కాంతం ఉన్న కవర్, కారు హోల్డర్ బిళ్ల తీసేయండి, లేకపోతే దిక్సూచి అబద్ధం చెప్తుంది. ఆ తర్వాత ఫోన్‌ను గాలిలో ఎనిమిది అంకె ఆకారంలో నాలుగైదుసార్లు తిప్పి సరిచేయండి. మూడోది, చివరి వంద మీటర్లకు కారు నావిగేషన్ యాప్ వాడకండి. అది మీ స్థానాన్ని దగ్గరున్న రోడ్డు మీదికి లాగి చూపిస్తుంది. కారు ఆపాక కాష్ యాప్‌లోని దిక్సూచి తెరవండి.

యాప్‌ల మాటకొస్తే, అధికారిక జియోకాషింగ్ యాప్‌తో మొదలుపెట్టడం తేలిక. ఉచిత సభ్యులకు అందులో తేలికైన ట్రెడిషనల్ (ఇచ్చిన అంకెల దగ్గరే డబ్బా ఉండే) కాష్‌లే ప్రధానంగా తెరుచుకుంటాయి. ఆండ్రాయిడ్‌లో సీజియో ఉచితం, ఆఫ్‌లైన్‌లో దాచుకోవడానికి చాలా బాగుంటుంది. ఐఫోన్‌లో చాలామంది కాష్‌లీ వాడతారు. ప్రయాణాలు ఉన్నప్పుడు ప్రీమియం సభ్యత్వం పనికొస్తుంది. పాకెట్ క్వెరీ అనే జాబితా సౌకర్యంతో ఒకేసారి 1000 కాష్‌ల వరకు జీపీఎక్స్ (స్థానాల సమాచారం ఉండే) ఫైలుగా దింపుకోవచ్చు, సిగ్నల్ లేని చోట అదే దిక్కు. ఆఫ్‌లైన్ పటాలకు ఆర్గానిక్ మ్యాప్స్, ఓస్మ్‌అండ్ రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారంతో నడుస్తాయి, కాలిబాటలు వీటిలో బాగా కనిపిస్తాయి. దింపుకున్నాక ఇంట్లోనే ఫోన్‌ను విమానం మోడ్‌లో పెట్టి ఒక కాష్ పేజీ, సూచన, పటం తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. చాలామంది పేరు మాత్రమే దించుకుని, వివరణ దిగలేదని కొండ మీద తెలుసుకుంటారు.

ఎంచుకోవడంలో కూడా కొంత జాగ్రత్త కావాలి. ప్రతి కాష్‌కీ కష్టం, నేల అని రెండు అంకెలు ఉంటాయి, ఒకటి నుంచి ఐదు వరకు సగం సగం మెట్లతో. మొదటిది కనిపెట్టడం ఎంత కష్టమో, రెండోది అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్తుంది. నేల 1 అంటే చక్రాల కుర్చీలో వెళ్లగలిగినది, 5 అంటే పడవో తాళ్లో కావాల్సినది. పిల్లలతో మొదటి నెల రెండు అంకెలూ 2 దాటనివి, పరిమాణం ‘స్మాల్’ లేదా ‘రెగ్యులర్’ ఉన్నవి చాలు. స్మాల్ అంటే 100 మిల్లీలీటర్ల నుంచి లీటరు వరకు, రెగ్యులర్ అంటే లీటరు నుంచి 20 లీటర్ల వరకు. 100 మిల్లీలీటర్ల లోపువి మైక్రోలు, వాటిలో బొమ్మలు పట్టవు, పిల్లలు నీరసపడతారు. చివరగా ఎవరు ఎప్పుడు కనుక్కున్నారో తప్పక చూడండి. గత నెలలో దొరికినట్టు ఉంటే వెళ్లండి. చివరి రెండు మూడు నమోదులూ ‘దొరకలేదు’ అనే ఉంటే డబ్బా పోయి ఉంటుంది, వదిలేయండి. మీకు దొరకనప్పుడు మీరూ మొహమాటపడకుండా ‘దొరకలేదు’ అని రాయండి. దాన్ని చూసే యజమాని వెళ్లి సరిచూస్తాడు, తర్వాత వచ్చేవాళ్ల కారు ఖర్చు మిగులుతుంది.

ఇక గార్మిన్. ఆరు నెలలు ఆడాక కూడా ఆసక్తి ఉండి, సిగ్నల్ లేని పార్కుల్లో రోజంతా నడిచే అలవాటు పడితే కొనండి. అప్పుడు దొరికే లాభం బ్యాటరీ, వానకు తట్టుకోవడం, చేతి నుంచి జారినా పగలకపోవడం. దట్టమైన చెట్ల కింద కొద్దిపాటి ఖచ్చితత్వం కూడా. ఈట్రెక్స్ 22ఎక్స్, 32ఎక్స్ పైకి ఒకలాగే ఉంటాయి. రెండూ రెండు ఏఏ బ్యాటరీలతో 25 గంటల దాకా నడుస్తాయి. తేడా ఏమిటంటే 22ఎక్స్‌లో ఎలక్ట్రానిక్ దిక్సూచి లేదు. మీరు నడుస్తున్నప్పుడే దాని బాణం సరైన దిక్కు చూపిస్తుంది, ఆగితే ఎటో చూపిస్తుంది. కాష్ దగ్గర మనం ఆగుతూ ఆగుతూ వెతుకుతాం కాబట్టి ఈ ఆటకు 32ఎక్స్ తీసుకోవడమే మేలు. ఈట్రెక్స్ ఎస్‌ఈ చవక, దిక్సూచి ఉంది, బ్యాటరీ మామూలు మోడ్‌లో 168 గంటలు అంటారు. కానీ అందులో పటం ఉండదు. చెట్లు, లోయలు, ఎత్తైన భవనాల మధ్య నిజమైన తేడా కావాలంటే ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు తరంగాలూ అందుకునేది కావాలి. జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ అలాంటిదే, ఏఏ బ్యాటరీలతో 16 గంటలు. ఈ రెండు తరంగాల సౌకర్యం ఇప్పుడు కొన్ని ఫోన్లలోనూ ఉంది, ఐఫోన్‌లలో 14 ప్రో నుంచి ప్రో మోడళ్లలో వచ్చింది. మీ దగ్గర అలాంటి ఫోన్ ఉంటే పరికరం కొనాల్సిన కారణం ఇంకా తగ్గుతుంది.

ఏఏ పరికరాలకు మామూలు ఆల్కలైన్ బ్యాటరీల కంటే రీఛార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వాడండి, 2000 మిల్లీఆంపియర్ అవర్‌వి చాలు. సెట్టింగుల్లో బ్యాటరీ రకం మార్చడం మరవకండి. వీటి వోల్టేజీ 1.2 మాత్రమే, రకం మార్చకపోతే సగం ఛార్జి ఉండగానే ఖాళీ అయిపోయిందని చూపిస్తుంది. ఆట లేని నెలల్లో ఆల్కలైన్ సెల్స్ లోపల వదిలేస్తే కారి స్ప్రింగులు తుప్పుపడతాయి.

సంచిలో ఉండాల్సినవి: రెండు బాల్‌పెన్నులు, ఒక పెన్సిల్. జెల్ పెన్ను వద్దు, తడికాగితం మీద సిరా పాకిపోతుంది. వేలి కొనంత ఉండే నానో డబ్బాలోంచి చుట్టిన కాగితం లాగడానికి ట్వీజర్, చిన్న టార్చి, తోట పనికి వాడే చేతి తొడుగులు, చిన్న అద్దం, పొడవు పెంచుకునే అయస్కాంత కడ్డీ, కొన్ని జిప్ కవర్లు, ఖాళీ లాగ్ కాగితాలు, 10,000 మిల్లీఆంపియర్ అవర్ పవర్ బ్యాంక్, దాని కేబుల్. కేబుల్ మర్చిపోయేవాళ్లే ఎక్కువ. టెక్సస్‌లో తాకితే దురద దద్దుర్లు తెచ్చే పాయిజన్ ఐవీ ఆకును పిల్లలకు ఫొటోలో చూపించి గుర్తుపట్టేలా చేయండి, కాడకు మూడేసి ఆకులు ఉంటాయి. తొర్రల్లోకి, రాళ్ల కిందికి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపడం కట్టుదిట్టమైన నియమంగా పెట్టండి. గడ్డిలో నడిచే రోజున 0.5 శాతం పర్మెత్రిన్ అనే పురుగుమందు బట్టలకు ముందురోజే చల్లి ఆరబెట్టాలి. అది చర్మానికి రాసుకునేది కాదు. ఇంటికి రాగానే మోకాలి వెనక, చంకల్లో, జుట్టు మొదళ్లలో పేలు లాంటి టిక్స్ ఉన్నాయేమో చూడండి. ఎవరైనా ‘ఏం వెతుకుతున్నారు?’ అని అడిగితే, పోలీసు అయినా సరే, దాచకుండా యాప్ తెరిచి చూపించండి. కంగారుపడి తప్పించుకుంటేనే అనుమానం వస్తుంది. పార్కులు చీకటిపడగానే మూసే చోట చీకట్లో వెతకవద్దు.

సియాటెల్ గురించి సంతోషంగా చెప్తాను, ఈ ఆటకు పుట్టిల్లు ఆ వైపే. 2000 మే 1 అర్ధరాత్రి అమెరికా ప్రభుత్వం జీపీఎస్‌లో కావాలని పెట్టిన తప్పును తీసేసింది. అంతవరకు వంద మీటర్ల దాకా తేడా చూపిన పరికరాలు ఒక్కసారిగా పది, ఇరవై మీటర్లకు వచ్చాయి. మే 3న డేవ్ ఉల్మర్ ఒరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌లో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, ఒక ఉండేలు, బీన్స్ డబ్బా లాంటివి పెట్టి, చోటు అంకెలు ఇంటర్నెట్‌లో వేశాడు. ఆ ఏడాది సెప్టెంబర్ 2న జెరెమీ ఐరిష్ జియోకాషింగ్ సైటు ప్రారంభించాడు. ఆ సంస్థ ఆఫీసు సియాటెల్‌లోని ఫ్రీమాంట్ పేటలో ఉంది. అక్కడి కాష్, ఒరెగాన్‌లో మొదటి బకెట్ ఉన్న చోట పెట్టిన ఫలకం, స్నోక్వాల్మీ సొరంగం దగ్గరి ఏపీఈ కాష్ (ఒక సినిమా ప్రచారానికి పెట్టినవాటిలో ఒకటి), ఈ మూడింటినీ కలిపి ‘ట్రయాడ్’ అంటారు. మూడూ ఒక్కరోజులో చేయకండి, పిల్లలు అలసిపోతారు. ఆఫీసుకు సందర్శన వేళలు ఉంటాయి, ముందే చూసి బుక్ చేసుకోండి. ఒరెగాన్ ఫలకం సియాటెల్ నుంచి మూడు, మూడున్నర గంటల డ్రైవ్ కాబట్టి పోర్ట్‌లాండ్‌లో ఒక రాత్రి ఉండేలా పెట్టుకోండి.

మూడింటిలో అసలు మజా సొరంగం. ఐ-90 మీద హయాక్ దగ్గర కారు ఆపాలి, దానికి వాషింగ్టన్ రాష్ట్ర పార్కుల డిస్కవర్ పాస్ కావాలి. పాత రైలు సొరంగం 3.7 కిలోమీటర్లు, కాష్ అవతలి మొన దగ్గర. రానుపోను దాదాపు 9 కిలోమీటర్లు, దారి చదునే. లోపల లైట్లు అసలు ఉండవు. మనిషికొక హెడ్‌ల్యాంప్, అదనంగా ఒక టార్చి ఉండాలి, ఫోన్ వెలుతురుతో సరిపెట్టుకోలేరు. నడివేసవిలో కూడా లోపల చలే, పైనుంచి నీళ్లు కారుతుంటాయి. స్వెటర్, పైన రెయిన్ జాకెట్ తీసుకెళ్లండి. చలికాలంలో సొరంగం మూసేస్తారు కాబట్టి మీరు వేసవిలో వెళ్లడం సరైనదే. సొరంగంలో జీపీఎస్ పనిచేయదు, బయటికి వచ్చాక పరికరం కుదురుకోవడానికి రెండు నిమిషాలు ఇవ్వండి.

హైదరాబాద్ ప్రయాణానికి ఒకే ఒక్క గట్టి హెచ్చరిక. మామూలు జీపీఎస్ రిసీవర్‌తో చిక్కు లేదు గానీ ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరాలు, అంటే గార్మిన్ ఇన్‌రీచ్, ఇరిడియం, థురాయా లాంటివి, టెలికాం శాఖ అనుమతి లేకుండా భారత్‌లోకి తీసుకురాకూడదు. విదేశీ యాత్రికులను విమానాశ్రయాల్లో ఆపి కేసులు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. జీపీఎస్‌మ్యాప్ 66ఐ, 67ఐ, మోంటానా 700ఐ లాంటి పేర్ల చివర ఉన్న ‘ఐ’ అంటే ఇన్‌రీచ్ లోపలే ఉందని. సబ్‌స్క్రిప్షన్ ఆపేశాం కదా అనే మాట చెల్లదు. ఇంట్లో వదిలి రండి.

డాలస్‌తో పోలిస్తే మనవైపు కాష్‌లు చాలా పలుచన. బయలుదేరే ముందు మీరు తిరిగే దారిపొడవునా ఉన్నవన్నీ దించుకుని, చివరిసారి ఎప్పుడు దొరికాయో చూసి, రెండేళ్లుగా ఎవరూ ముట్టనివాటిని తీసేయండి. కంటోన్మెంట్ గోడలు, విమానాశ్రయం, రైల్వే, మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల వెతుకులాట వద్దు. ట్రావెల్ బగ్ బిళ్లలు (డబ్బా నుంచి డబ్బాకు ప్రయాణించే, నంబరుతో జాడ తెలిసేవి) తెచ్చి ఇక్కడ వదలాలని ఉంటుంది గానీ, ఎవరూ రాని డబ్బాలో వదిలితే అది అక్కడే ఏళ్లు పడి ఉంటుంది. దాన్ని చార్మినార్ దగ్గర ఫొటో తీసి, వెంట తెచ్చుకుని మళ్లీ డాలస్‌లో జనం వచ్చే డబ్బాలో పెట్టండి.

చివరి ప్రశ్న, మీరే పెట్టడం. సెలవులకు వచ్చి పెట్టి వెళ్లిపోయే కాష్‌ను రివ్యూయర్ (సైటు తరఫున పేజీని పరిశీలించి ప్రచురించేవారు) ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే న్యాయం కూడా. ఆరు నెలల తర్వాత అది తడిసిన చెత్త అవుతుంది. మీ బావమరిదో, అక్కడే ఉండే ఇంకెవరైనా సరే నిజంగా ఆసక్తి ఉండి, సొంత ఖాతా తెరిచి, రెండు మూడు నెలలకోసారి, ముఖ్యంగా వానాకాలం ముందూ తర్వాతా వెళ్లి చూస్తానంటేనే పెట్టండి. వాళ్ల ఖాతా పేరు పేజీలో రాయాలి. ఇంకో డబ్బాకు 161 మీటర్ల లోపల ఉండకూడదు, తవ్వి పాతిపెట్టకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు, స్థలం ఎవరిదో వారి అనుమతి ఉండాలి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల్లో, జాతీయ పార్కుల్లో వద్దు. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు చూసిన ఊరిది. జనం తిరిగే చోట పేరూ ఊరూ లేని డబ్బా అంటే పోలీసులు వచ్చి తీరతారు, రావాలి కూడా. మొదటి డబ్బాకు మీవాళ్ల సొంత కాంపౌండ్ గోడ లోపలి పక్కో, తెలిసినవారి దుకాణం అరుగో మేలైన చోటు.

డబ్బా లోపల కనిపించే పారదర్శక ప్లాస్టిక్‌ది, నాలుగు వైపులా క్లిప్పులు, రబ్బరు సీలు ఉన్నది తీసుకోండి. లోపల పొడి టిష్యూ పెట్టి అరగంట నీళ్ల బకెట్‌లో ముంచి, టిష్యూ తడవకపోతేనే వాడండి. పగలు వేడికి గాలి బయటికి పోయి, రాత్రి చల్లబడి తడిగాలిని లోపలికి లాక్కుంటుంది. సీలులో ఒక్క ఇసుక రేణువో, జిప్ కవర్ అంచో ఇరుక్కుంటే చాలు. సిలికా జెల్ పొట్లం కొన్ని వారాల్లోనే తేమతో నిండిపోతుంది, దాని మీద ఆశ పెట్టుకోకండి. నేరుగా ఎండ తగిలే చోట ప్లాస్టిక్ ఒకటి రెండు వేసవులకే పెళుసెక్కుతుంది, నీడలో పెట్టండి. మట్టికి ఆనితే చెదలు కాగితం తినేస్తాయి కాబట్టి నేలకు ఎత్తుగా ఉంచండి. తిండి పదార్థం, సబ్బు, వాసన వచ్చేదేదీ వద్దు, చీమలూ కోతులూ వదలవు. పైన తెలుగులో, ఇంగ్లిష్‌లో ‘ఇది జియోకాషింగ్ అనే ఆట డబ్బా, ప్రమాదం లేదు, తెరిచి చూసి తిరిగి పెట్టండి’ అని, చూసుకునేవారి ఫోన్ నంబరుతో సహా రాయండి.

అంకెలు తీసుకునేటప్పుడు ఒక్కసారితో సరిపెట్టకండి. పరికరంలోని ‘వేపాయింట్ యావరేజింగ్’ (ఒకే చోటి అంకెలను పదేపదే తీసి సగటు కట్టేది)తో తీసి, గంటన్నర తర్వాత మళ్లీ, ఆ తర్వాత ఇంకో రోజు మళ్లీ తీయండి. గార్మిన్ సూచించేది నాలుగు నుంచి ఎనిమిది నమూనాలు, ఒక్కోదానికి మధ్య కనీసం 90 నిమిషాలు. ఉపగ్రహాలు జరిగితేనే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేస్తాయి, వరుసగా ఐదు నిమిషాలు నిలబడితే అదే తప్పు ఐదుసార్లు వస్తుంది. హైదరాబాద్ ఉన్న అక్షాంశంలో సూర్యాస్తమయం తర్వాత అయనావరణం (పై వాతావరణంలోని విద్యుదావేశ పొర) కలత వల్ల సంకేతాలు ఊగుతాయి, పొద్దున పూట తీయడం మంచిది. పరికరంలో ఎస్‌బీఏఎస్ లేదా వాస్ (ఉపగ్రహాల ద్వారా స్థానం తప్పును దిద్దే సౌకర్యం) అనే మీట ఉంటే ఆన్ చేయండి, ఇక్కడ దానికి భారత్ గగన్ ఉపగ్రహాల దిద్దుబాటు అందుతుంది.

డబ్బాను చూసుకునేవారు దొరకకపోతే ఎర్త్‌కాష్ ఆలోచించండి. అందులో డబ్బా ఉండదు. భూగర్భ విశేషం ఉన్న చోటికి వచ్చినవాళ్లు మీరడిగిన ప్రశ్నలకు అక్కడే చూసి జవాబు పంపాలి. హైదరాబాద్ గ్రానైట్ గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లనాటివి. అవి అలా ఒకదాని మీద ఒకటి ఎలా నిలిచాయో, పగుళ్ల వెంట రాయి ఎలా అరిగి గుండ్రబడిందో చెప్పడానికి చక్కని చోట్లు ఊళ్లోనే ఉన్నాయి. విశాఖ ఎర్రమట్టి దిబ్బలు, తిరుమల శిలాతోరణం, బెలుం గుహలు కూడా అలాంటివే. స్థలం యజమాని అనుమతి దీనికీ కావాలి. ప్రశ్నలు గూగుల్‌లో దొరికేవి కాకుండా, అక్కడ నిలబడి కొలిచో చూసో చెప్పేవి అయి ఉండాలి. వివరణ ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లిష్‌లో రాయండి.

ఏది పెట్టినా ప్రయాణం మొదటి వారంలోనే పేజీ పంపండి. రివ్యూయర్ జవాబుకు వారం దాకా పట్టవచ్చు, అంకెలు మళ్లీ తీయమనో, అనుమతి వివరాలు రాయమనో తప్పక అడుగుతారు. తిరుగు విమానం ముందురోజు పంపితే ఆ సవరణలు చేయడానికి అక్కడ ఎవరూ ఉండరు.